ఆరో తరగతి దాకా ఆగే సైన్సు

నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద బతికే ఇళ్లలో పిల్లలకు కొన్ని మాటలు అఆలతో పాటే వచ్చేస్తాయి. సెలినిటీ అంటే నీటి ఉప్పదనం, పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార గుణం, డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. తెల్లవారుజామున గుంటలో డీవో పడిపోతుందని, అందుకే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలని, కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి నాన్న గుంట కాడికి పరుగెత్తుతాడని ఎనిమిదేళ్ల పిల్లవాడికి తెలుసు. నీళ్లలో ఆక్సిజన్ రాత్రిపూటే ఎందుకు తగ్గుతుందో మాత్రం తెలియదు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే నాచు రొయ్యతో పోటీపడి ఆ ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. అంతే సంగతి. ఈ రెండు ముక్కలు బడిలో వినాలంటే ఆ పిల్లవాడు హైస్కూలు గడప తొక్కాలి.

సర్కారు ప్రాథమిక బడుల్లో చిన్న తరగతులకు సైన్సు ఎన్నిసార్లు చెబుతున్నారన్న ప్రశ్నకు పుస్తకాల సంచీ తెరిచి జవాబు చెప్పేయొచ్చు. ఒకటి, రెండు తరగతుల సంచీలో తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు మాత్రమే ఉంటాయి. కాబట్టి సైన్సు సున్నా. మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానం, బడిలో అందరూ అనేమాట ఈవీఎస్, ఉంటుంది. టైంటేబుల్లో దానికీ ఒక గడి ఉంటుంది. ఈ రెండు జవాబులూ కాగితం మీద నిజాలే. ఒకటి ఉన్నదాన్ని తక్కువ చేసి చూపిస్తుంది, ఇంకొకటి లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది.

ముందు సున్నా సంగతి. ఒకటి, రెండు తరగతులకు సైన్సు పుస్తకం లేకపోవడం ఎవరో మరిచిపోయి జరిగింది కాదు, కావాలని చేసింది. 1975 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక ప్రాథమిక దశలో సైన్సును, సోషల్‌ను విడదీయకుండా పరిసరాల అధ్యయనం అనే గొడుగు కిందికి తెచ్చింది. మూడో తరగతి నుంచి మాత్రం ఆ గొడుగు కిందే ప్రకృతి విజ్ఞానం ఒక భాగం, సాంఘికం ఇంకో భాగం. 2000లో వచ్చిన ప్రణాళిక ఆ గీతను కూడా చెరిపేసింది. 2005 ప్రణాళిక దాన్నే గట్టిపరిచింది. ఆరేడేళ్ల పిల్లకు ప్రపంచం సబ్జెక్టులుగా ముక్కలై కనిపించదు, కాబట్టి చెట్టు గురించి, నీటి గురించి, పురుగు గురించి మాట్లాడటం భాషా పాఠంలోనూ లెక్కల పాఠంలోనూ కలిసిపోవాలి. ఆలోచన చక్కనిది. తప్పుపట్టడానికి ఏమీ లేదు.

చిక్కల్లా కలిసిపోవాలన్న మాట దగ్గరే వచ్చింది. కలిసిపోయినదానికి పీరియడ్ ఉండదు, పరీక్ష ఉండదు, నోటు పుస్తకం ఉండదు. రెండో తరగతి తెలుగు వాచకంలో చీమ మీద గేయం ఉందనుకోండి. టీచరు దాన్ని రాగం తీసి పాడించవచ్చు, ఒత్తులు గుణింతాలు పట్టించవచ్చు. లేదా పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లి, చిటికెడు బెల్లం పెట్టి, చీమల బారు ఎటు నుంచి వస్తోందో చూడమనవచ్చు. మొదటిది చేస్తే చదవడం వచ్చిందా లేదా అన్నది రేపే తేలుతుంది. రెండోది చేస్తే ఏమొచ్చిందో రాసే గడి ఏ రిజిస్టరులోనూ లేదు. చీమ వాచకంలోనే ఉండిపోతుంది.

ఇక మూడో తరగతి నుంచి ఉన్నట్టు కనిపించే ఈవీఎస్. ఇది పూర్తిగా సైన్సు కాదన్నది చాలామంది తల్లిదండ్రులకు తట్టని విషయం. 2005 ప్రణాళికను అనుసరించి తయారైన జాతీయ సిలబస్‌లో ఆరు ఇతివృత్తాలున్నాయి. కుటుంబం స్నేహితులు, ఆహారం, ఇల్లు, నీరు, ప్రయాణం, మనం చేసే వస్తువులు పనులు. మొక్కలు, జంతువులు మొదటిదాంట్లోనే ఇమిడిపోయాయి. వంశవృక్షం గీయడం, పోస్టాఫీసు చూడటం, ఊరి పటం వేయడం, పండగల గురించి చెప్పుకోవడం అన్నీ ఈవీఎస్సే. వారానికి ఐదు పీరియడ్లు నిజంగానే జరిగాయనుకున్నా, అందులో గాలి, నీరు, వెలుతురు, వేరు, విత్తనం అనదగ్గవి ఏ రెండో మూడో. ఇది ఈవీఎస్ మీద ఫిర్యాదు కాదు. సైన్సు ఎన్నిసార్లు అని లెక్క కట్టేవాళ్లు ఈవీఎస్ పీరియడ్లన్నీ కలిపి చూపిస్తే ఆ అంకెను సగానికి తగ్గించి చదువుకోవాలని మాత్రమే.

ఆ సగం కూడా జరగాలంటే టీచరు ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం ఈ విషయంలో ఒక తేడా చూపించింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సబ్జెక్టు చూసి టీచర్లను ఇమ్మంది. సైన్సు, లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు తగ్గకుండా ఉండాలని రాసింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు తలలు లెక్కపెట్టి ఇమ్మంది. 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు. పల్లెల్లో సర్కారు ప్రాథమిక బడి అంటే చాలాచోట్ల ఈ 60 లోపు బడే. పిల్లలు కాన్వెంటు వ్యాన్లెక్కి పోయాక మిగిలిన బడి.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకరు ఒకటి, రెండు చూస్తే ఇంకొకరికి మూడు, నాలుగు, ఐదు. అదే చట్టం ఈ తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంది. రోజుకు నాలుగు గంటలన్నమాట, 240 నిమిషాలు. మూడు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి టీచరు ముఖం చూసే సమయం 80 నిమిషాలు. నాలుగు సబ్జెక్టులకు సమంగా పంచితే ఈవీఎస్‌కు 20 నిమిషాలు. ఇది సర్వే కాదు, కాగితం మీద భాగహారమే. అందులోనూ టీచరు ఏ రోజూ సెలవు పెట్టకూడదు, మీటింగుకు పోకూడదు, యాప్‌లో హాజరు ఎక్కకపోతే ఫోను పట్టుకుని గేటు దగ్గర నిలబడకూడదు, మధ్యాహ్న భోజనం లెక్క పంపకూడదు. సమంగా పంచే టీచరు కూడా ఎక్కడా ఉండరు. చదవడం రాని పిల్లలు ఐదో తరగతిలోనూ ఉన్నప్పుడు తెలుగు, లెక్కలు వదిలి బీర విత్తనం నానబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఉదయం పూట మెలకువగా ఉండే గంటలు భాషకు, లెక్కలకు పోతాయి. అన్నం తిన్నాక, కళ్లు మూతలు పడే వేళకు ఈవీఎస్ వస్తుంది. ఆ వేళలో ఆ పీరియడ్ రూపం దాదాపు ఎక్కడైనా ఒకటే. ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద పడతాయి, నోట్సులోకి ఎక్కుతాయి. అంటే అదీ చదవడం, రాయడం పీరియడే. పేరు ఒక్కటే వేరు.

టీచర్లను నిందించడం సులువు. పల్లిపాడు డైట్‌లోనో, మైనంపాడు డైట్‌లోనో (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థలు) రెండేళ్లు శిక్షణ పొంది సెకండరీ గ్రేడ్ టీచరైనవాళ్లు, అంటే చిన్న తరగతులకు చెప్పేవాళ్లు, పాఠం చెప్పలేకపోతారా అని అడిగేవాళ్లున్నారు. ఇంటర్‌లో ఆర్ట్స్ గ్రూపు చదివి వచ్చినవాళ్లకు సైన్సు పదో తరగతితోనే అయిపోయి ఉంటుంది, అది నిజమే. అయితే మూడో తరగతి సైన్సుకు కావలసింది ఫిజిక్సు డిగ్రీ కాదు. పై అధికారి ఏం అడుగుతారో ఆ పనే ముందు జరుగుతుంది. బళ్లలోనే కాదు, ఏ ఆఫీసులోనైనా అంతే.

మరి ఏం అడుగుతున్నారు? 2005 నుంచి దేశంలో బడి చదువుల మీద పత్రికల్లో ఎక్కువగా కనిపించే అసర్ నివేదికలు పల్లె పిల్లలకు చదవడం వచ్చా, తీసివేతలు భాగహారాలు వచ్చా అని చూస్తాయి. 2021 జూలైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యం మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలని. అవసరమైన లక్ష్యమే, వాదన లేదు. 2017లోనూ 2021 నవంబరులోనూ జరిగిన జాతీయ సాధన సర్వేల్లో మూడో తరగతి పిల్లలకు భాష, గణితంతో పాటు ఈవీఎస్ ప్రశ్నలు కూడా ఇచ్చారు. వాటి స్థానంలో పరఖ్ పేరుతో 2024 డిసెంబరు 4న జరిగిన సర్వేకు వచ్చేసరికి మూడో తరగతికి భాష, గణితమే మిగిలాయి. మన చుట్టూ ఉన్న ప్రపంచం అన్న సబ్జెక్టు ఆరో తరగతి పిల్లల పరీక్షలోకి వెళ్లింది. ఎవరూ సైన్సు చెప్పొద్దనలేదు. అడగడం మానేశారు, అంతే. మండల స్థాయి సమీక్షలో నిలబెట్టి అడిగే అంకెలు రెండే అయినప్పుడు మూడోదాని కోసం చెమటోడ్చడానికి టీచరు సన్యాసి కావాలి.

ఇదేదో మన వెనుకబాటు అనుకోవడానికి లేదు. అమెరికాలో 2002లో వచ్చిన చట్టం మూడు నుంచి ఎనిమిది తరగతుల దాకా ఏటా చదవడం, గణితం పరీక్షలు తప్పనిసరి చేసింది. సైన్సు పరీక్ష మాత్రం మూడు నుంచి ఐదు తరగతుల మధ్య ఒక్కసారి పెడితే చాలంది. 2018లో అక్కడ జరిగిన ఒక జాతీయ సర్వేలో కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు భాషకు రోజుకు సగటున 89 నిమిషాలు, గణితానికి 57 నిమిషాలు పోతుంటే సైన్సుకు దక్కింది 18 నిమిషాలు. వారంలో అన్ని రోజులో దాదాపు అన్ని రోజులో సైన్సు జరిగే తరగతులు ఆ దశలో 17 శాతమే. వాళ్ల సర్వేలోని 18 నిమిషాలు, మన భాగహారంలోని 20 నిమిషాలు పక్కపక్కన పెట్టి సమానం అనడం తప్పు. ఒకటి అడిగి తెలుసుకున్నది, ఇంకొకటి ఊహించి పంచినది. తేడా ఎక్కడుందంటే, వాళ్ల దగ్గర ఎన్ని నిమిషాలు అని టీచర్లను అడిగే సర్వే ఒకటి ఉంది. మన దగ్గర పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయని అడుగుతారు గానీ పీరియడ్ జరిగిందా అని అడగరు.

చిన్న తరగతుల మీద సైన్సు ఆశ వదిలేసుకున్నామనడానికి పథకాలే సాక్ష్యం. పిల్లల ఆలోచనలకు 10,000 రూపాయలిచ్చే ఇన్‌స్పైర్ మనక్ ఆరో తరగతి నుంచి మొదలు. పిల్లలు చేత్తో పరికరాలు తయారుచేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచి. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పదేళ్లు నిండినవాళ్లకు. ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవానికి హైస్కూల్లో బల్లల మీద అగ్నిపర్వతాలు పొగలు కక్కుతుంటాయి, ప్రాథమిక బడి పిల్లల్ని వరుసలో తీసుకొచ్చి చూపించి పంపిస్తారు. ఎనిమిదేళ్లప్పుడు ఎందుకు, ఎలా అని చంపుకుతినే పిల్లకు ఏమీ లేదు. పదకొండేళ్లొచ్చి, పరీక్షలో వస్తుందా సార్ అని అడగడం అలవాటయ్యాక అన్నీ ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చిక్కును అసలు పట్టించుకోలేదనడం కూడా సరికాదు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపింది. ఆ చిన్న తరగతులకు కూడా సబ్జెక్టు టీచర్లే చెప్పాలన్నది అప్పుడు వినిపించిన వాదన. సైన్సు కోణంలో చూస్తే అది చిన్న మార్పు కాదు. మూడో తరగతికి సైన్సు మాస్టారు వచ్చే వీలు కలిగింది. కానీ ఊళ్లో ఆ వాదన నిలబడలేదు. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి పోవాలా, వాగు పొంగితే ఎట్లా అని తల్లులు అడిగారు. ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగిలిన బడులు ఖాళీ కావడం మొదలైంది. 2025లో ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టి బడులను మళ్లీ అమర్చింది. తరగతికి ఒక టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లను తెచ్చింది. పైన చెప్పిన భాగహారాన్ని మార్చగలిగేది ఈ ఒక్క అడుగే. తరగతికి ఒక మనిషి ఉంటే 80 నిమిషాలు 240 అవుతాయి. అందులో ఈవీఎస్‌కు ఎంత మిగులుతుందన్నది మళ్లీ ఏం అడుగుతారన్న దగ్గరికే వస్తుంది. మోడల్ ప్రైమరీ కాని చిన్న బడుల్లో మాత్రం పాత లెక్కే నడుస్తోంది.

పరికరాలు లేవన్న వాదన ఇక్కడ చెల్లదు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన, సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పనుల జాబితాలో మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీ, చివరికి ఇంగ్లిష్ ల్యాబ్ కూడా ఉన్నాయి. ప్రాథమిక బడికి సైన్సు ల్యాబ్ ఊసు లేదు. ఉండనక్కర్లేదు కూడా. పసుపు, సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు ప్రతి ఇంట్లో చూసిందే. ఆ నీళ్లలో పొదలకూరు నిమ్మకాయ ఒకటి పిండితే ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. సబ్బు నీళ్లు పడితే పసుపు మళ్లీ ఎర్రబడుతుంది. హైస్కూల్లో ఆమ్లాలు, క్షారాలు అని బట్టీపట్టే పాఠం ఇదే. మధ్యాహ్న భోజనానికి వచ్చిన కోడిగుడ్డు ఒకటి ఉడకబెట్టకముందే అడిగి తీసుకుని గ్లాసుడు నీళ్లలో వేస్తే మునుగుతుంది. చెంచాలకొద్దీ ఉప్పు కలుపుతూ పోతే పైకి తేలుతుంది. ఇసకపల్లి ఉప్పు మడుల పక్కన పెరిగే పిల్లలకు ఎన్ని చెంచాలకు తేలుతుందో పందెం కట్టమంటే చాలు, ఇక ఆపడం కష్టం. సైదాపురం వైపు పిల్లలు మైకా రేకులు గోటితో పొరలు పొరలుగా విప్పి ఆడుకుంటారు. తాతల కాలంలో అక్షరాలు దిద్దిన పలక మార్కాపురం గని నుంచి వచ్చింది. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బురద భూమి లోపలి ఒత్తిడికి, వేడికి బిగుసుకుని రాయి అయింది కాబట్టే అది పలచగా పలకలుగా చీలుతుంది. అక్షరం నేర్పిన రాయి గురించి ఒక్క అక్షరం చెప్పకుండానే పలకల కాలం వెళ్లిపోయింది.

కొన్నిచోట్ల ఇది ఆటపాటల వ్యవహారం కూడా కాదు. ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు, కనిగిరి, పామూరు ప్రాంతంలో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పన్నది తాగునీటి ప్రమాణం. పాలపళ్లు ఊడి కొత్త పళ్లొచ్చే వయసుకే, అంటే సరిగ్గా రెండో మూడో తరగతికే, గోధుమరంగు చారలు కనిపించేస్తాయి. ఆ పంటికి కావలసిన జాగ్రత్త చిన్నప్పుడే పడాలి. పన్ను కట్టుకునే ఏళ్లలో తాగిన నీళ్లే దాని రంగు తేలుస్తాయి. పక్క బెంచీవాడు పళ్లు తోముకోడని ఎగతాళి చేసే పిల్లలకు, వాడి తప్పేం లేదు, నీళ్లది అని చెప్పే పాఠం ఏడో తరగతి దాకా ఆగితే దానివల్ల లాభం సగమే.

పుస్తకం ఇక్కడ కొంత సాయం చేస్తుంది, కొంత అడ్డుపడుతుంది. 2020 నుంచి వస్తున్న పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఎదురుగా తెలుగు ఉండటం సైన్సుకు మేలే, అర్థం కాని మాట పక్కకు చూస్తే దొరుకుతుంది. కానీ పరీక్ష ఇంగ్లిష్‌లో రాయించాలన్న తొందరలో వేరు అన్న మాట వచ్చిన పిల్లకు రూట్ స్పెల్లింగు నేర్పడంతోనే పీరియడ్ తెల్లారిపోతుంది. ఇంకోటి, రాష్ట్రమంతటికీ ఒకే పుస్తకం. వానాకాలం జూన్‌లో మొదలవుతుందని చదువుతారు. బడి తెరిచే ఆ జూన్‌లో నెల్లూరు పిల్లలు రోహిణి కార్తె సెగ ఇంకా తగ్గక ఉక్కపోతలో కూర్చుని ఉంటారు. ఈ జిల్లా వానలో సగానికి పైగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య గాలులు సముద్రం మీద తడి మోసుకొచ్చినప్పుడు. కయ్యల్లో నాట్లు కూడా ఆ లెక్కనే పడతాయి. పుస్తకంలో ఉన్నదీ కిటికీలోంచి కనిపించేదీ వేరైనప్పుడు పిల్ల కిటికీని నమ్మాలి. సైన్సు మొదటి పాఠం అదే. మార్కులు మాత్రం పుస్తకం వైపే ఉంటాయి.

ఆ కిటికీ పాఠం సాగాలంటే ఇదే నెల్లూరు వానతో మొదలుపెట్టవచ్చు. లీటరు నీళ్ల సీసా పైభాగం కోసి, తిరగేసి, గరాటులా అదే సీసాలో కూర్చోబెట్టాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి కొన్ని నీళ్లు పోసి, ఆ మట్టానికి సున్నా గీత పెట్టి, పైకి స్కేలు కాగితం అతికించాలి. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పిల్ల వెళ్లి ఎన్ని మిల్లీమీటర్లో చూసి బోర్డు మూల రాస్తుంది. రెండు నిమిషాల పని, ఏ టైంటేబుల్లోనూ గడి అక్కర్లేదు. రెండో తరగతికి అది అంకె చదవడం, నాలుగో తరగతికి కూడిక, ఐదో తరగతికి గ్రాఫు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో పక్క ఊరి బడి అంకెతో పోల్చుకుంటే, పది కిలోమీటర్ల దూరానికే వాన ఎందుకు తేడాగా పడిందన్న ప్రశ్న ఎవరూ నేర్పకుండానే పుడుతుంది. చిక్కు ఒకటే. పెన్న పోటెత్తిన 2021 నవంబరు లాంటి రోజుల్లో, అసలైన వాన కురిసే రోజుల్లో, కలెక్టరు గారు సెలవిస్తారు. అందుకని సీసా బడిలో ఒకటి చాలదు. ప్రతి పిల్ల ఇంటి మిద్దె మీద ఒకటుండాలి, సెలవు ముగిసి బడి తెరిచిన పొద్దున అంకెలన్నీ బోర్డు మీదికి రావాలి.